తెల్లముక్క మీద మంద

నాలుగో ఏడు కూడా మొక్కలు చచ్చిపోయాయి.

సమ్మయ్య ఆ పొద్దున తెల్లముక్క అని పిలిచే నేల ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. ఒక్కొక్క మొక్క దగ్గర వంగాడు. గోటితో బెరడు గీకి, లోపల పచ్చదనం మిగిలిందేమోనని చూశాడు. ఎక్కడా లేదు. వేప, కానుగ, నేరేడు, ఏది గీకినా పుల్లే. పొయ్యిలోకి కూడా పనికిరాని సన్న పుల్ల.

ఒక వేప మొక్కను పట్టుకుని లాగాడు. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. దాన్ని చేతిలో పట్టుకునే గౌరవ్వ గుడిసె వైపు నడిచాడు. ఇక తన వల్ల కాదని ఈసారి చెప్పేయాలనుకున్నాడు.

అది బూడిద నేల. ఒకప్పుడు ఆ గోదావరి ఒడ్డున పవర్ హౌస్ ఉండేది. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి, పైపుల్లో తెచ్చి ఒడ్డున పోసేవాళ్లు. దానికి బూడిద చెరువు అని పేరు పెట్టారు. చేప పుట్టని, కప్ప అరవని చెరువు. దాని కింద పేదవాళ్ల జొన్న చేలు ఉన్నాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, బూడిద కింద.

ఊళ్లు తిరగబడ్డాయి. సమ్మయ్యకు అప్పుడు పాతికేళ్లు. పైపుల మీద కూర్చున్నాడు. లాఠీ దెబ్బలు తిన్నాడు. పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. చివరకు పవర్ హౌస్ మూతబడింది. జనం గెలిచారని అందరూ అన్నారు. గెలిచినవాళ్లకు దక్కింది బూడిద. పైపులు వేసినవాళ్లు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు. ఎండాకాలం గాలి లేస్తే అన్నం గిన్నెలో బూడిద, బాలింత చాప మీద బూడిద. ముసలివాళ్లు దగ్గితే బూడిదరంగు కళ్లె పడేది.

జైలు నుంచి వచ్చిన సమ్మయ్య ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక గౌరవ్వ దగ్గరికి వెళ్లాడు.

గౌరవ్వ రాళ్లు కొట్టి బతికిన మనిషి. వేలిముద్రే తప్ప సంతకం రాదు. వయసులో ఉండగా ఒక గురువు దగ్గర, 'నేను' అనేదే లేదని చెప్పే అచల బోధ తీసుకుంది. ఆయన పోతూ పోతూ తన తంబూర ఆమె చేతికిచ్చాడు. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆమె దగ్గరికి వచ్చి కూర్చునేవాళ్లు. ఆమె వాళ్లకు పెద్దగా ఏమీ చెప్పేది కాదు. ఏదో ఒక పని అప్పగించేది. పవర్ హౌస్ మూతబడ్డ ఏడే ఆమె బూడిద చెరువు గట్టు మీద గుడిసె వేసుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేది కాదు.

"అవ్వా, గెలిచినం. ఇప్పుడేం జెయ్యాలె?" అని అడిగాడు సమ్మయ్య.

ఆమె అతని చేతికి ఒక కుండ ఇచ్చింది. "ఏట్ల నీళ్లున్నయి. మోసుకరా."

ముప్పై ఏళ్లుగా మోస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు అక్కడ నలభై ఎకరాల అడవి ఉంది. నెమళ్లున్నాయి, ముంగిసలున్నాయి. తెల్లవారుతుంటే నీటికుక్కలు గట్టెక్కి చేపలు తింటాయి. ఐదేళ్ల కింద ప్రభుత్వం దాన్ని రక్షిత వనం అన్నది. గేటు దగ్గర బోర్డు పాతారు. బోర్డు అడుగున సంరక్షకుడు అని రాసి సమ్మయ్య పేరు పెట్టారు.

ఆ అడవికి ఒక వింత ఉంది. చెట్లు వరసల్లో ఉండవు. గుండ్రాలు గుండ్రాలుగా ఉంటాయి. ఒక గుండ్రం, కొంత ఖాళీ, మళ్లీ ఒక గుండ్రం. చూడవచ్చినవాళ్లంతా అదే అడిగేవాళ్లు. ఇట్లా ఎందుకు నాటావని. మొదటిసారి అడిగినప్పుడు సమ్మయ్యకు జవాబు తోచలేదు. "గాలిని ఆపుతందుకు" అనేశాడు. వాళ్లు తలలూపి రాసుకున్నారు. తర్వాత అడిగిన ప్రతివాడికీ అదే చెప్పాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మాడు.

మిగిలింది ఆ ఆరెకరాల తెల్లముక్క. దక్షిణపు కొసన, అన్నిటికన్నా చివర బూడిద నింపిన గుంట అది. నీళ్లు ఆరి గట్టిపడడానికే ఏళ్లు పట్టింది. అక్కడ గడ్డి కూడా లేవలేదు. గాలి వస్తే అడవికంతా అక్కడి నుంచే బూడిద లేచేది.

ఈ ఏడు పైనుంచి కాగితం వచ్చింది. వానాకాలం దాటేలోపల తెల్లముక్కలో ఏమైనా మొలిస్తే సరే. లేకపోతే ఆ ఆరెకరాలు అడవి కింద లెక్కకు రావు, ఇటుకల కోసం బూడిద తవ్వుకునేవాళ్లకు ఇచ్చేస్తారు. లారీలు దిగితే గట్టు తెగుతుంది. గట్టు తెగితే గోదావరి ఒక్క వరదకే మిగిలిన అడవిని కూడా తీసుకుపోతుంది. ఈ సంగతి కాగితం రాసినవాళ్లకు తెలియదు. వాళ్లకు నది అంటే పటం మీద గీత.

గౌరవ్వ గుడిసె ముందు కూర్చుని ఆముదపు ఆకు వెచ్చజేసి మోకాలికి కట్టుకుంటోంది. సమ్మయ్య ఎండిన వేప మొక్కను ఆమె ముందు పడేశాడు.

"చచ్చినయి అవ్వా."

"ఊఁ."

"ఇది నాలుగో ఏడు."

"ఊఁ."

"ఎరువు పోసిన. ఒండ్రు మట్టి గంపలకు గంపలు మోసి గుంతల్ల పోసిన. పొద్దుమాపు నీళ్లు పోసిన. చెయ్యనిదేం లేదు. నేను అలిసిపోయిన. ఇగ నాతోని కాదు."

గౌరవ్వ ఆకు మీద గుడ్డ ముడి వేసి తల ఎత్తింది.

"ఎవరు అలిసిపోయిన్రు?"

సమ్మయ్యకు కోపం వచ్చింది. పడుకోక ఎర్రబడ్డ కళ్లు ఇంకా ఎర్రబడ్డాయి.

"నేనే. ఇంకెవరున్నరీడ? దెబ్బలు తిన్నది నేను. నీళ్లు మోసింది నేను. ఈ అడివిని పెంచింది నేను. అలిసిపోయింది గూడ నేనే."

"మస్తు మంది నేనులున్నరే," అన్నది గౌరవ్వ. "అండ్ల ఒకన్ని ఓదెలు మందకాడికి తోలు. రేపు పొద్దున మంద ఊడ్వమను. ఊడ్చిందంత గంపకెత్తి నాకు తే."

సమ్మయ్య ఎండిన మొక్కను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అవ్వా, నేను చెట్ల సంగతి చెప్తున్న."

"నేను మేకల సంగతి చెప్తున్న," అని ఆమె రెండో మోకాలికి ఆకు తీసుకుంది.

ఓదెలు గొల్ల మనిషి. సమ్మయ్య కంటే పదేళ్లు పెద్ద. కులాలు వేరైనా వరసకు మామ. వాళ్ల తాతల నాటి నుంచి ఎండాకాలం మంద ఈ ఒడ్డు మీదుగానే ఏటికి నీళ్లకు పోయేది. నాలుగేళ్ల కింద ఆ దారి మూసింది సమ్మయ్యే. అడవి పేరు కాగితం మీదికి ఎక్కగానే, మేక నోరు పడితే మొక్క బతకదని ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగి ముళ్లకంచె తెప్పించాడు. తన చేతులతో తీగ బిగించాడు. ఆ రోజు నుంచి ఓదెలు మంద రెండు కోసుల దూరం చుట్టు తిరిగి నీళ్లకు పోతోంది. ఆ నడకలో రెండు సూడి మేకలు చచ్చాయని సమ్మయ్య విన్నాడు. వినీ విననట్టు ఉన్నాడు.

ఆ ఓదెలు మంద ఊడ్వాలి.

తెల్లారి వెలుగు పడేసరికి సమ్మయ్య గంప నెత్తిన పెట్టుకుని మంద దగ్గరికి వెళ్లాడు. తుమ్మ కంపను గుండ్రంగా పేర్చి, లోపల మేకలను తోలి ఉన్నాయి. ఓదెలు గొంగడి కప్పుకుని బయట చుట్ట కాల్చుకుంటున్నాడు.

"ఏం అల్లుడూ, బాట తప్పినవా?"

"లేదు మామా. మంద ఊడ్వొచ్చిన."

ఓదెలు చుట్ట నోట్లోంచి తీశాడు. సమ్మయ్యను పైనుంచి కిందికి చూశాడు.

"ఎవరు చెప్పిన్రు?"

"గౌరవ్వ."

"అట్లనా. ఆమె చెప్పకపోతే నువ్వు జన్మల రావు." లేచి కంప పక్కన ఉన్న చీపురు తెచ్చి ఇచ్చాడు. ఈత పుల్లల చీపురు. పిడి అరిగి నున్నగా ఉంది. "పైపైన ఊడ్వకు. మంచిగ ఊడువు. నీ పేరు బోర్డు మీదున్నది. నా పేరు నా మేకలకు గూడ తెల్వదు. పెద్ద మనిషి చెయ్యి పడుతున్నదంటే మంద మెరవాలె."

మేకలను బయటికి తోలారు. సమ్మయ్య వంగి ఊడ్వడం మొదలుపెట్టాడు. కంప అంచు వెంట గుండ్రంగా తిరిగాడు. నాలుగు రౌండ్లు తిరిగేసరికి నడుము పట్టేసింది. పెంటికల వాసన ముక్కుకెక్కింది. ఓదెలు చూస్తూ కూర్చున్నాడు. సాయం రాలేదు.

"మామా," అన్నాడు సమ్మయ్య నడుము ఎత్తకుండానే. "రెండు సూడి మేకలు పోయినయట గదా."

"రెండు గాదు. మూడు."

సమ్మయ్య ఊడుస్తూనే ఉన్నాడు.

గంప నిండింది. దాని మీద ఓదెలు ఒక చూపు వేశాడు. "ఆ చీపురు గూడ తీస్కపో. రేపు మళ్ల రావాల్నంటది ముసలిది. నాకు తెల్వదా ఆమె సంగతి?"

గుడిసె దగ్గర గౌరవ్వ చేట పట్టుకుని సిద్ధంగా ఉంది. "చెరుగు," అన్నది.

సమ్మయ్య చెరిగాడు. పొడి ఎగిరిపోయింది. పెంటికలు ఒక వైపు చేరాయి. చేట కొసన ఇంకేదో మిగిలింది. చిన్నవి, చింతగింజ కంటే చిన్నవి, నల్లగా, శుభ్రంగా. తుమ్మ గింజలు. మేకలు ఎండాకాలమంతా తుమ్మకాయలు తింటాయి. ఓదెలు కొక్కెం కట్టిన గెడతో దులిపి వేస్తాడు. మేక కాయను నమిలి మింగుతుంది. సాయంత్రం మందలో పడుకుని నెమరు వేస్తూ గట్టి గింజలను ఊసేస్తుంది. ఊసెయ్యనివి పెంటికల్లో వస్తాయి. ఇది సమ్మయ్యకు తెలియని సంగతి కాదు. గొల్లవాళ్ల పిల్లలకు కూడా తెలుసు.

అతను గింజల వైపు చూశాడు. గౌరవ్వ వైపు చూశాడు. ఆమె కర్ర అందుకుని లేచింది.

"పా. నువ్వు నాటిన మొదటి చెట్టు సూపియ్యి."

ఆమె అడవిలోకి వచ్చి రెండేళ్లయింది. మోకాళ్లు రానివ్వవు. సమ్మయ్య చెయ్యి పట్టుకుని నడిపించాడు. దారి పొడుగునా తను నాటినవి చూపిస్తూ వెళ్లాడు. ఈ కానుగ ఫలానా ఏడు. ఈ నేరేడు ఫలానా వరదకు ముందు. ఆమె ప్రతిదానికీ "ఊఁ" అన్నది.

గట్టు కింద ఒక పెద్ద వేప ఉంది. ఇద్దరు చేతులు చాపితే గానీ అందని మాను.

"గిదే అవ్వా. మొదటిది. జైలు నుంచొచ్చిన ఏడు నాటిన."

"ఆ ఏడు ఎన్ని నాటినవు?"

సమ్మయ్య ఆలోచించాడు. "మస్తు. వంద పైననే ఉంటయి."

"మిగిలినయేవి?"

అతను చుట్టూ చూశాడు. చచ్చినవాటిని అతను ఏనాడో మరిచిపోయాడు. బతికినవాటినే గుర్తు పెట్టుకున్నాడు. పోరాటంలో ముదిరిన మనుషులకు ఈ జబ్బు ఉంటుంది. ఓడిపోయిన రోజులు గుర్తు పెట్టుకుంటే మర్నాడు లేవలేరు. అందుకని మరిచిపోతారు. మరిచిపోయి, అన్నీ గెలిచామనుకుంటారు.

"ఈ చెట్టు చుట్టు తిరిగిరా," అన్నది గౌరవ్వ.

"మొక్కాల్నా?"

"మొక్కుతవో తిడతవో నీ ఇష్టం. తిరిగిరా. చెట్టునానుకొని గాదు. ఆ తుమ్మల బయటి నుంచి."

వేప చుట్టూ ముసలి తుమ్మలున్నాయి. బెరడు నల్లబడి, పగిలి, కొన్ని వంగి, ఒకటి పూర్తిగా ఎండి నిలబడి ఉంది. సమ్మయ్య వాటిని ఎప్పుడూ పట్టించుకోలేదు. తను నాటినవి కావు గనక పట్టించుకోలేదు. తుమ్మ ఎవరు నాటుతారు? అదే మొలుస్తుంది. ముళ్లు గుచ్చుకుంటే తిట్టుకుని తప్పుకునేవాడు, అంతే.

ఒక తుమ్మ పక్క నుంచి ఇంకో తుమ్మ పక్కకు నడిచాడు. గుండ్రం తిరుగుతోంది. సగం తిరిగేసరికి అతని కాళ్లు నెమ్మదించాయి.

ఈ వంపు అతనికి తెలుసు. ఇదే పొద్దున నడుము వంచి, చీపురు పట్టుకుని నాలుగుసార్లు తిరిగిన వంపు.

నిలబడిపోయాడు. పక్క గుండ్రం వైపు చూశాడు. దాని అవతలి గుండ్రం వైపు చూశాడు. అంతే, మంద పట్టేంత. ఏదీ ఎక్కువ కాదు, తక్కువ కాదు.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి ఏడెనిమిదేళ్లు ఎండాకాలం ఓదెలు తండ్రి మంద ఈ బూడిద మీదే పడుకునేది. రోజుకొక చోట కంప మార్చేవాళ్లు. గౌరవ్వే పిలిచేది. ఏ రైతూ మంద పెట్టించుకోని కరువు రోజులు, పాపం దిక్కులేనివాళ్లకు చోటు ఇస్తున్నది కాబోలు అనుకునేవాడు సమ్మయ్య. ఒకటి రెండుసార్లు ఆమెతో పోట్లాడాడు కూడా. నీ జాలి నా మొక్కల ప్రాణం తీస్తుందని. ఆమె అప్పుడు కూడా ఇట్లాగే "ఊఁ" అన్నది.

అడవి చిక్కబడ్డాక మంద పడుకోవడం ఆగిపోయింది. పొద్దున నీళ్లకు పోవడం ఒక్కటే మిగిలింది. దాన్ని అతనే ఆపాడు.

మంద పడుకున్న చోట తుమ్మలు లేచాయి, వాటి నీడన పడ్డ మొక్కలే బతికాయి. గాలిని ఆపడానికి అట్లా నాటానని ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు.

గౌరవ్వ వేప మొదట్లో కూర్చుని మోకాలు ఒత్తుకుంటోంది. ఎండ ముదిరేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

ఎరువు కోసం చేలో మంద పెట్టించుకోవాలంటే ఆ పక్క ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషిని పంపితే చాలదు. చేను గలవాడు తనే రావాలి. వక్కాకు పెట్టి పిలవాలి. మంద పడుకున్నన్ని రోజులు కాపరికి తన ఇంటి బువ్వ పెట్టాలి.

ఆ సాయంత్రం సమ్మయ్య జొన్న గటక గిన్నె, మామిడికాయ తొక్కు పట్టుకుని ఓదెలు ముందు నిలబడ్డాడు. తువ్వాలు కొంగున వక్కాకు ఉంది.

"మామా, తెల్లముక్కల మంద పెట్టాలె."

ఓదెలు గిన్నె వైపు చూశాడు, మనిషి వైపు చూశాడు. "నీ బోర్డు ఒప్పుకోదు గద అల్లుడూ. మేకలు రావొద్దని రాసుంది."

"నీ మేకలకు సదువొస్తదా?"

"రాదు."

"మరింకేంది?"

ఓదెలు నవ్వలేదు. "ఆఫీసరొస్తే?"

"నేనే పిలిచిన్నని చెప్త."

"నిన్ను తీసేస్తరు."

"తీసేస్తే తీసేస్తరు."

ఓదెలు చాలాసేపు చుట్ట కాల్చాడు. "నాలుగేండ్లు, అల్లుడూ. ఎండల రెండు కోసులు. మా ముసల్ది నిన్ను తిట్టని రోజు లేదు. నేను గూడ తిట్టిన."

"తిట్టాల్సిందే."

"ఈ గింజల సంగతి నాకు తెల్వదనుకున్నవా? నీ మొక్కలు చస్తున్నయని తెలుసు. ఏడ తప్పు పోతున్నవో తెలుసు."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు అడిగినవా?"

సమ్మయ్య వక్కాకు ముందుకు చాపాడు. చెయ్యి చాలాసేపు అట్లాగే ఉంది. చివరకు ఓదెలు తీసుకున్నాడు. తొక్కు వేలితో నాకి చూశాడు. "ఉప్పు తక్కువైంది," అన్నాడు. "రేపు సరిగ్గ తే."

కంచె తీగ సమ్మయ్యే విప్పాడు. బిగించింది తనే కదా, ముడులన్నీ మొండిగా ఉన్నాయి. అరచేతులు చీరుకుపోయాయి. అడవి వైపు కంచె ఉంచాడు. తెల్లముక్క వైపు ఒక్క గేటంత దారి తీశాడు.

ఆ ఎండాకాలం మిగిలిన రోజులన్నీ మంద తెల్లముక్క మీదే పడుకుంది. ప్రతి సాయంత్రం కంప జరిపేవాళ్లు. బూడిద పట్టి నల్ల మేకలు కూడా తెల్లగా అయిపోయాయి. "నా మేకలను నేనే గుర్తుపడ్తలేను, ఎవడన్న పట్టుకపోయినా నాదని చెప్పుడు కష్టం," అని ఓదెలు గొణిగేవాడు. మేకలు దగ్గాయి. మనుషులు దగ్గారు. సమ్మయ్య రోజూ గటక తెచ్చేవాడు. రోజూ పొద్దున వచ్చి, కంప జరిపిన చోట అంచుల్లో పడ్డ గింజలను లోపలికి ఊడ్చేవాడు. అతని నడుము నొప్పి తగ్గలేదు. నిద్ర కూడా సరిగా పట్టేది కాదు. మొలుస్తాయని నమ్మకం ఉందా అంటే, అదీ లేదు.

మొదటి మబ్బు కమ్మిన రోజు ఓదెలు తనే కంప విప్పి మందను బయటికి తోలాడు.

"ఇంకో నాలుగు రోజులుండు మామా," అన్నాడు సమ్మయ్య.

"మొలక కనపడే జాగల మేక కనపడొద్దు. మా అయ్య చెప్పిండు. ఎప్పుడు లోపలికి రావాల్నో, ఎప్పుడు ఎల్లిపోవాల్నో మాకు తెల్వదా? నీ కంచె లేనప్పుడు గూడ గంతే గదా."

సమ్మయ్య కంప మోయడానికి చెయ్యి వేశాడు.

వాన పడింది. తర్వాత పదకొండు రోజులు పడలేదు. బూడిద మళ్లీ పెచ్చు కట్టింది. సమ్మయ్య పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తెల్లముక్క అంచున నిలబడేవాడు. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. కుండ పట్టుకుని ఏటికి పోదామనిపించేది. పోలేదు. చేతులు ఊరికే ఉంచుకోవడం అతనికి నీళ్లు మొయ్యడం కంటే కష్టమైంది.

పన్నెండో రోజు ముసురు పట్టింది. ఐదు రోజులు వదలలేదు.

ముసురు విడిచిన పొద్దున ఆ తెల్లటి నేల మీద పచ్చటి గీత కనిపించింది. దగ్గరికి పోతే గీత కాదు, గుండ్రం. వేలెడు కూడా లేని మొలకలు, రెండేసి ఆకులు. ఇంకొంచెం అవతల ఇంకో గుండ్రం. కొన్ని గుండ్రాల్లో ఏమీ లేదు. కొన్నింట్లో గరిక మాత్రం లేచింది. సగానికి పైగా గుండ్రాల్లో తుమ్మ ఉంది.

సమ్మయ్య అక్కడే బురదలో కూర్చున్నాడు. సంతోషం వస్తుందనుకున్నాడు. రాలేదు. నిద్ర వచ్చింది.

మూడు వారాలకు ఆఫీసరు వచ్చాడు. ప్యాంటు మడిచి తెల్లముక్కలోకి దిగాడు. వంగి చూశాడు. పెంటికలు చూశాడు. గిట్టల గుర్తులు చూశాడు.

"సమ్మయ్యా, ఇందులోకి మేకలు వచ్చాయా?"

"వచ్చినయి సార్. నేనే పిలిచిన."

"కంచె వేయించింది నువ్వే కదయ్యా. బోర్డు మీద ఏముందో తెలుసు కదా."

"తెలుసు సార్."

"దీనికి సంజాయిషీ రాసివ్వాలి."

"రాసిస్త."

ఆఫీసరు గుండ్రాల వైపు మళ్లీ చూశాడు. గుడిసె దాకా, అడవి అంచు దాకా, ఎన్ని ఉన్నాయో చూశాడు. జేబులోంచి కలం, కాగితం తీశాడు.

"బాగానే లేచింది. లారీలు ఈ ఏడుకు ఆపమని రాస్తాను. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. ఇంతకీ ఈ గుండ్రాలేమిటి? ఎవరు నాటారు?"

ఏళ్లుగా అలవాటైన జవాబు సమ్మయ్య నాలుక కొస దాకా వచ్చింది. దాన్ని మింగాడు. వెనక్కి తిరిగి కంచె అవతల నిలబడ్డ ఓదెలును చూపించాడు.

"ఆయన్నడుగున్రి సార్."

ఓదెలు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "నన్నెందుకడుగుతరు సారూ. నేను గొంగడి కప్పుకొని పండుకున్న. వాటినడుగున్రి," అని గట్టు మీద మేస్తున్న మందను చూపించాడు.

ఆఫీసరు మంద వైపు చూసి కలం మూత పెట్టాడు. ఎవరు నాటారన్న గడిలో ఏమీ రాయకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు వెలుతురు రాకముందే సమ్మయ్య గుడిసెకు వెళ్లాడు. గౌరవ్వ మేలుకునే ఉంది. ముసలివాళ్లకు మోకాళ్లే కోడికూతలు. అతను గడప దగ్గర కూర్చున్నాడు.

"అవ్వా, ఈ ఏడు లారీలు రావు."

"ఊఁ."

"వచ్చే ఏడు తెల్వదు."

"ఊఁ."

అతను తల వంచుకుని నేల మీద గోటితో గీత గీశాడు. ఎప్పటి నుంచో అడగాలనుకున్నది అడిగాడు.

"నీకు ముందే తెలుసు. నాలుగేండ్ల కింద నేను కంచె కడుతున్ననాడే చెప్పొచ్చు గదా. ఎందుకు చెప్పలేదు?"

గౌరవ్వ గోడకు ఆనుకుంది. మోకాలి మీద వాడిపోయిన ఆకును తీసి పక్కన పెట్టింది.

"అప్పుడు నువ్వు అలిసిపోలేదు బిడ్డా."

సమ్మయ్య లేచాడు. గుడిసె గోడకు ఆనించి ఉన్న ఓదెలు చీపురు తీసుకుని, గట్టు మీదుగా మంద వైపు నడిచాడు.